ఖాళీ మాల్స్ గురించి మనం నమ్మేవి, నిజంగా జరిగేవి

మూతపడ్డ అమెరికా మాల్స్ వీడియోలు మన విశాఖ కుర్రాళ్లు కూడా తెగ చూస్తున్నారు. ఆగిపోయిన ఎస్కలేటర్, ఎండిపోయిన ఫౌంటెన్, వెనకాల ఎక్కడో గుహలోంచి వచ్చినట్టు పాత పాట. చూసి నాకు పంపించి, "మనవి కూడా ఇలాగే అయిపోతాయా అన్నా?" అని అడుగుతుంటారు. నాది మాల్ ఆపరేషన్స్ ఉద్యోగం. ఏసీ, కరెంటు, లిఫ్టులు, షాపులవాళ్ల తగాదాలు, అన్నీ మా టేబుల్ మీదకే వస్తాయి. అందుకని నాకు తెలిసినంత వరకు జవాబు రాస్తున్నాను.

అపోహ: ఆన్‌లైన్ షాపింగ్ వల్లే మాల్స్ పోయాయి

ముందు తేదీలు చూడండి. ఇల్లినాయ్ రాష్ట్రం హార్వేలోని డిక్సీ స్క్వేర్ మాల్ 1966లో తెరిచి, 1978లో మూసేశారు. అప్పటికి ఆన్‌లైన్‌లో కొనడం అన్నదే లేదు. ఒహాయోలోని యాక్రన్‌లో రోలింగ్ ఏకర్స్ మాల్ 1975లో మొదలై 2008లో మూతపడింది. ఆ ఏడాది అమెరికా రిటైల్ అమ్మకాల్లో ఆన్‌లైన్ వాటా 4 శాతం లోపే.

అసలు కారణం, అవసరానికి మించి కట్టేయడం. 1954లో అక్కడ పన్ను చట్టం మారి, కొత్త వాణిజ్య భవనాల మీద తరుగుదలను (పాతబడేకొద్దీ తగ్గే విలువ, దాన్ని ఖర్చుగా చూపిస్తే పన్ను తగ్గుతుంది) మొదటి ఏళ్లలోనే ఎక్కువగా చూపించుకునే వీలు వచ్చింది. దాంతో ఊరికి అవసరమా కాదా అన్నది పక్కనపెట్టి, పన్ను కలిసొస్తుందని కట్టినవాళ్లూ ఉన్నారు. ఊరవతల కొత్త మాల్ రాగానే పాతది చిక్కిపోయేది. యాక్రన్ అయితే టైర్ల ఫ్యాక్టరీల ఊరు, ఆ ఉద్యోగాలు పోయాక కొనేవాళ్లే తగ్గిపోయారు. మాల్స్‌లో పెద్ద స్టోర్లు నడిపే సియర్స్ 2018లో, జేసీ పెన్నీ 2020లో దివాలా పిటిషన్ వేసేనాటికి చాలా మాల్స్ అప్పటికే నీరసించి ఉన్నాయి. ఆన్‌లైన్ దెబ్బ తగిలింది, కాదనను. కానీ అది మొదటి దెబ్బ కాదు.

మన దేశంలో మనిషికి ఇన్ని చదరపు అడుగులని లెక్కేస్తే మాల్ స్థలం అమెరికాలో ఉన్నదాంట్లో చిన్న ముక్క కూడా లేదు. అయినా 2023లో 8 పెద్ద నగరాల్లో 40 శాతానికి పైగా ఖాళీగా ఉన్న మాల్స్ 64 అని నైట్ ఫ్రాంక్ అనే రియల్ ఎస్టేట్ సలహా సంస్థ లెక్క తేల్చింది. ఎక్కువ కట్టకపోయినా ఎందుకు ఖాళీ అవుతున్నాయి? దానికి జవాబు కింద ఉంది.

అపోహ: జనం రావడం మానేస్తే మాల్ ఖాళీ అవుతుంది

చాలాసార్లు జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. ముందు మాల్ పాడవుతుంది, తర్వాత జనం మానేస్తారు.

మాల్‌ని ఒక యజమాని తన చేతిలోనే ఉంచుకుని షాపులు అద్దెకివ్వడం ఒక పద్ధతి. కట్టేటప్పుడే ఒక్కో షాపుని ఒక్కొక్కరికి అమ్మేయడం ఇంకో పద్ధతి. బిల్డర్‌కి రెండోదే హాయి, డబ్బు వెంటనే చేతికొస్తుంది. కొన్నవాళ్లలో ఒకాయన గల్ఫ్‌లో, ఒకాయన హైదరాబాద్‌లో, ఇంకొకావిడ రిటైర్మెంట్ డబ్బులు పెట్టి కొని అద్దె కోసం చూస్తుంటారు. ఎవరికి నచ్చినవాళ్లకి వాళ్లు అద్దెకిస్తారు. బట్టల షాపు పక్కన సెల్ రిపేరు, దాని పక్కన చిట్‌ఫండ్ ఆఫీసు. ఏ అంతస్తులో ఏముండాలో నిర్ణయించే మనిషి ఉండడు.

నిజానికి మాల్ నడిచేదే ఆ నిర్ణయం మీద. మల్టీప్లెక్స్‌ని పై అంతస్తులో పెట్టేది ఊరికే కాదు, జనం అన్ని అంతస్తులూ దాటి ఎక్కాలి, దిగాలి. పెద్ద స్టోర్‌కి చదరపు అడుక్కి తక్కువ అద్దె వేసేదీ అందుకే, దాని కోసం వచ్చినవాళ్లు చిన్న షాపుల్లో కొంటారు. ఆ పెద్ద స్టోర్ వెళ్లిపోయిందంటే చిన్నవాళ్లకి గిరాకీ పోతుంది, వాళ్లు మెయింటెనెన్స్ కట్టడం ఆపేస్తారు.

అక్కడినుంచి ఏం జరుగుతుందో నేను పనిచేసిన ఒక చోట దగ్గరుండి చూశాను. మొదట రెండు చిల్లర్లలో (మాల్ మొత్తానికి ఏసీ చల్లదనం ఇచ్చే పెద్ద యంత్రాలు) ఒకటి ఆపమన్నారు. తర్వాత ఎస్కలేటర్లు ఎక్కడానికే, దిగడానికి మెట్లు. పై అంతస్తు టాయిలెట్లకి తాళం. కారిడార్లో ఒక లైటు వదిలి ఒక లైటు. ఏసీ తగ్గేసరికి మన ఊరి తేమకి జిప్సం సీలింగ్ మీద ముందు పసుపు మరకలు, ఆ తర్వాత నల్ల బూజు, దాంతోపాటు తడిగుడ్డ వాసన. చీర కొనడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ వాసన పట్టి గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవారు. నెల తిరిగేసరికి, జనం రావట్లేదు కాబట్టి ఖర్చు ఇంకా తగ్గించాలని మీటింగ్ పెట్టేవారు.

ఏదైనా మాల్ ఆరోగ్యం తెలుసుకోవాలంటే ఫుడ్ కోర్టు రద్దీ చూడకండి. పై అంతస్తు టాయిలెట్ చూసి రండి.

అపోహ: మూసేస్తే ఖర్చు ఆగిపోతుంది

ఆగదు. మన రాష్ట్రంలో హైటెన్షన్ కనెక్షన్‌కి (మాల్ లాంటి పెద్ద భవనాలకిచ్చే కరెంటు కనెక్షన్) వాడకం ఎంత తగ్గినా, ఇంత లోడు కావాలని ముందే ఒప్పుకున్న డిమాండ్‌లో కనీసం 80 శాతానికి డిమాండ్ చార్జీ కట్టాలి. ఫైర్ పంపులు, సెక్యూరిటీ, ఆస్తిపన్ను ఎలాగూ ఉంటాయి. పైగా విశాఖలో ఉప్పుగాలి. టెర్రస్ మీద ఏసీ యూనిట్ల అల్యూమినియం రేకులు కడిగేవాళ్లు లేకపోతే, వేలు పెట్టగానే తెల్లపొడిగా రాలిపోతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు అద్దాల గోడలు ఏమయ్యాయో చూసినవాళ్లకి, పట్టించుకోని భవనం తుఫాను ముందు ఎంతసేపు నిలుస్తుందో చెప్పక్కర్లేదు.

అపోహ: దుకాణాల మీద బెంగేమిటి, అంతా డబ్బున్నవాళ్ల సరదా

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. పూర్తిగా కప్పేసి, లోపల ఒకే వాతావరణం ఉండేలా కట్టిన మొదటి మాల్ మిన్నెసోటాలోని సౌత్‌డేల్, 1956లో తెరిచారు. దాన్ని గీసిన విక్టర్ గ్రూయెన్ వియన్నాలో పుట్టినవాడు. కార్లు తప్ప ఇంకేమీ లేని శివార్లలో మనుషులు కలుసుకునే చోటు కావాలనుకున్నాడు. చుట్టూ ఇళ్లు, బడి, ఆస్పత్రి, పార్కు కూడా ప్లాన్‌లో పెట్టాడు. వాటిని పక్కనపెట్టి దుకాణాలూ పార్కింగూ మాత్రమే పెంచుకుంటూ పోయేసరికి, చివరి రోజుల్లో ఆయనే ఆ మాల్స్‌ని నావి కావన్నాడు.

అయినా ఆ కలుసుకునే గుణం మాల్‌లో మిగిలింది. మే నెల మధ్యాహ్నం మద్దిలపాలెంలోనో జగదాంబ దగ్గరో ఏ మాల్‌కైనా వెళ్లి చూడండి. విజయనగరం, శ్రీకాకుళం, అనకాపల్లి నుంచి పనిమీద వచ్చి, సాయంత్రం బండి టైమయ్యేదాకా కూర్చున్న కుటుంబాలు కనిపిస్తాయి. ఏమీ కొనరు. కొనమని ఎవరూ అడగరు కూడా. ఎండ తగ్గాక ఆర్‌కే బీచ్ ఉంది, దానికి టికెట్ లేదు. కానీ మధ్యాహ్నం రెండింటికి చల్లగా, శుభ్రంగా, పిల్లల్ని వదిలేసి కూర్చునే చోటు ఈ ఊళ్లో ఇంకెన్ని ఉన్నాయి? మొదటిసారి ఎస్కలేటర్ ముందు ఆగి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కూతురి భుజం పట్టుకున్న తల్లులు నాకు గుర్తున్నారు. రేపు ఆ పిల్లలకి ఆ చోటు మీద బెంగ కలిగితే అందులో తప్పేముంది?

అపోహ: ఖాళీ మాల్ లోపలికి వెళ్లి వీడియో తీసుకుంటే నష్టం లేదు

దయచేసి వెళ్లకండి. లిఫ్టు గోతుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. రాగి తీగల కోసం ప్యానెళ్లు విప్పేసి ఉంటారు. ఏది కరెంటు ఉన్న తీగో, ఏది లేనిదో మాకే చూడగానే తెలియదు.

అపోహ: ఒకసారి పోతే మాల్ ఇక లేవదు

చైనాలో డాంగ్వాన్‌లోని న్యూ సౌత్ చైనా మాల్ 2005లో తెరిచి, ఏళ్ల తరబడి దాదాపు ఖాళీగా ఉండి, తర్వాత మళ్లీ నిండింది. టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లోని హైలాండ్ మాల్ ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీ. నాష్‌విల్‌లో వన్ హండ్రెడ్ ఓక్స్ మాల్ పై అంతస్తుని వాండర్‌బిల్ట్ ఆస్పత్రి క్లినిక్‌లకి తీసుకుంది. రోలింగ్ ఏకర్స్ స్థలంలో మాత్రం భవనం పడగొట్టి అమెజాన్ గోడౌన్ కట్టారు.

మన దగ్గరా చేయొచ్చు. మాల్‌లో స్తంభాలు దూరదూరంగా ఉంటాయి, పార్కింగ్ ఉంటుంది, లిఫ్టులు పెద్దవి. డయాగ్నస్టిక్ సెంటర్‌కో, కోచింగ్ సెంటర్‌కో, లైబ్రరీకో చక్కగా సరిపోతుంది. అడ్డం పడేది మళ్లీ ఒక్కో షాపుకీ ఒక్కో యజమాని ఉండటమే. వినియోగం మార్చాలంటే కొత్త ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, ప్లాన్ అనుమతి కావాలి, అమ్ముడైపోయిన ప్రతి షాపు యజమానీ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా ఫైలు కదలదు.

కైలాసపురంలో పోర్టు స్థలంలో ఇనార్బిట్ మాల్‌కి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. ఇలాంటి పెద్దవి తెరుచుకున్నప్పుడు పెద్ద బ్రాండ్లు అటు చూస్తాయి. పాత మాల్స్‌లో షాపులున్నవాళ్లు ఇప్పుడే ఒక సంఘంగా ఏర్పడి, మెయింటెనెన్స్ బకాయిలు తేల్చుకుని, అద్దెకివ్వడాన్ని ఒక్కరి చేతిలో పెట్టాలి. పెద్ద స్టోర్ ఖాళీ చేస్తున్నట్టు నోటీసిచ్చాక మొదలుపెడితే టైం చాలదు.