ప్రీసీజన్‌లో ఫస్ట్ అంటే గెలిచినట్టు కాదు: కాలేజీ బాస్కెట్‌బాల్ అంచనాలపై అపోహలు, వాస్తవాలు

ఏటా దసరాకీ దీపావళికీ మధ్య నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, మన కాలేజీని తొమ్మిదో ప్లేస్‌లో వేశారంట, ఇంక ఈ ఏడాది అయిపోయినట్టేనా?" అని ఒకరు. "అన్నా, ఫస్ట్ ప్లేస్ వాళ్ల మీద వేస్తే సేఫే కదా?" అని ఇంకొకరు. నేను అమెరికాలో ఓ మిడ్-మేజర్ (పెద్ద లీగుల తర్వాతి స్థాయి) కాన్ఫరెన్స్‌లో, అంటే కాలేజీ జట్ల లీగులో, ఆడే కాలేజీ పురుషుల జట్టుకి డేటా అనలిస్ట్‌ని. అక్టోబర్‌లో ప్రీసీజన్ పోల్స్, అంటే ఏ జట్టు ఎన్నో స్థానంలో నిలుస్తుందో కోచ్‌లో రిపోర్టర్లో ఓటేసి చెప్పే అంచనాలు, వస్తాయి, నవంబర్ మొదట్లో ఆటలు మొదలవుతాయి. ఈ మధ్య రోజుల్లో మా ఊళ్లో ఎమ్మెస్ చదివే మన పిల్లలందరికీ నేనే గుర్తొస్తాను.

మొదటి ప్రశ్నకి ఎన్నిసార్లయినా ఓపిగ్గా జవాబు చెబుతాను. రెండోదానికి చెప్పను, చెప్పకూడదు కూడా. అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాళ్లు కాలేజీ ఆటల మీద పందెం కాయకూడదు, కాసేవాళ్లకి సమాచారం ఇవ్వకూడదు. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమం అది. అందుకే ఇక్కడ రాసేవన్నీ అయిపోయిన సీజన్ల సంగతులే.

అపోహ: ఫస్ట్ ప్లేస్‌లో పెట్టారంటే వాళ్లే గెలుస్తారని అర్థం

జనానికి ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

ఉదాహరణకి 11 జట్ల కాన్ఫరెన్స్ అనుకోండి. ఒక జట్టు టైటిల్ గెలిచే అవకాశం 30 శాతం, రెండోదానికి 22, మూడోదానికి 15, మిగిలిన 33 శాతం తక్కిన ఎనిమిది జట్లదీ. ఓటు వేసేవాళ్లు మొదట ఎవరి పేరు రాయాలి? 30 శాతం ఉన్న జట్టుదే. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ జట్టు గెలవకపోయే అవకాశం 70 శాతం ఉంది. పోల్ కాగితం మీద ఈ 70 కనబడదు, "1" అనే అంకె ఒక్కటే కనబడుతుంది. దాన్ని చూసి మనవాళ్లు ముహూర్తం పెట్టేసినట్టు మాట్లాడతారు.

నమ్మకం కుదరకపోతే 2022-23 సీజన్ ఒక్కటి చూడండి.

బిగ్ ఈస్ట్ అనే కాన్ఫరెన్స్‌లో కోచ్‌లు క్రేటన్ యూనివర్సిటీని మొదట పెట్టారు, మార్కెట్ (Marquette) యూనివర్సిటీని తొమ్మిదో స్థానంలో పెట్టారు. మార్కెట్ 17-3తో (17 గెలుపులు, 3 ఓటములు) రెగ్యులర్ సీజన్ టైటిల్ కొట్టి, ఆపైన సీజన్ చివర జరిగే కాన్ఫరెన్స్ టోర్నమెంటూ గెలిచింది. కోచ్‌లు నాలుగో స్థానం ఇచ్చిన యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) ఏకంగా జాతీయ చాంపియన్ అయింది. బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో రిపోర్టర్లు ఇండియానాని మొదటా పర్డ్యూని ఐదో చోటా వేశారు. పర్డ్యూ 15-5తో, తన తర్వాతి జట్లకంటే మూడు గెలుపులు ఎక్కువతో టైటిల్ పట్టుకుపోయింది. ఏసీసీ కాన్ఫరెన్స్‌లో నార్త్ కరోలైనాది మొదటి స్థానం, రిపోర్టర్లు ఓటేసే జాతీయ ఏపీ పోల్‌లో దేశం మొత్తానికీ నంబర్ వన్. ఆ జట్టు కాన్ఫరెన్స్‌లో 11-9 దగ్గర ఆగిపోయి జాతీయ చాంపియన్‌ని తేల్చే ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లోకే రాలేదు. 1985లో టోర్నమెంట్ 64 జట్లకి పెరిగాక ప్రీసీజన్ నంబర్ వన్‌కి అలా జరగడం అదే మొదటిసారి. అదే ఏసీసీలో 15 జట్లకిగాను 14వ స్థానం ఇచ్చిన పిట్స్‌బర్గ్ 14-6తో పైవరసలో నిలిచింది.

ఓట్లు వేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. క్రేటన్ నిజంగానే మంచి జట్టు. సీజన్ మొదట్లో సెంటర్ ర్యాన్ కాల్క్‌బ్రెనర్ జబ్బుపడి మూడు ఆటలకి దూరమయ్యాడు, జట్టు వరసగా ఆరు ఆటలు ఓడింది. తర్వాత తేరుకుని 14-6తో మూడో స్థానంలో ముగించింది. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఎనిమిది జట్లు మిగిలే ఎలైట్ ఎయిట్ దశలో శాన్ డియెగో స్టేట్ చేతిలో 57-56తో, ఒకే ఒక్క పాయింట్ తేడాతో ఫైనల్ ఫోర్ (సెమీఫైనల్స్) పోగొట్టుకుంది. అక్టోబర్‌లో వేసిన అంచనా "ఇది మంచి జట్టు" అన్నంతవరకూ నిజమే అయింది. "ఇది గెలుస్తుంది" అని మనం దానికి అతికించుకున్న అర్థమే తప్పింది.

ఆ క్రేటన్ మీదే ఒక తమ్ముడు డబ్బు పెట్టాడు. గుంటూరు దగ్గరి నుంచి వచ్చిన కుర్రాడు, చదువులో చురుకైనవాడు. రెండు నెలల అద్దె డబ్బులు, కాన్ఫరెన్స్ టైటిల్ మీద, అక్టోబర్‌లోనే పెట్టేశాడు. ఆ ఆరు ఓటములు నడుస్తున్నప్పుడు ఒక రాత్రి మా ఇంటికొచ్చాడు. అన్నం పెడితే తినలేకపోయాడు. "నేనేమీ ఊహించి వేయలేదన్నా, కోచ్‌లు చెప్పిందే కదా వేశాను" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. కోచ్‌లు ఏం చెప్పారో అతనికి విడమరిచి చెప్పినవాళ్లెవరూ లేరు. అద్దె మేమంతా కలిసి సర్దాం. ఇంట్లో చెప్పలేక నలిగిపోతున్నాడని అర్థమై, కాలేజీ కౌన్సెలింగ్ సెంటర్‌కి నేనే తీసుకెళ్లాను. మీలో ఎవరైనా అదే స్థితిలో ఉంటే సిగ్గుపడకండి, ముందు ఒక మనిషికి చెప్పండి.

పందెం యాప్‌లో చూపించే అంకెని కూడా ఒకసారి విప్పి చూద్దాం. ప్లస్ 250 అంటే 100 డాలర్లు పెడితే 250 లాభం. 100ని 350తో భాగిస్తే సుమారు 28.6 శాతం. కాన్ఫరెన్స్‌లోని ప్రతి జట్టుకీ ఇలా లెక్కకట్టి అన్నీ కూడండి. మొత్తం 100 దాటుతుంది. ఆ పైదంతా కంపెనీ వాటా. అంటే అవకాశాలు నిక్కచ్చిగా అంచనా వేసినా మీరు నష్టంతోనే మొదలవుతారు. పైగా ఆ డబ్బు మార్చి దాకా అక్కడే ఇరుక్కుపోతుంది. ఈలోగా ఎవడి మోకాలు ఏమవుతుందో, ఎవడికి జ్వరం వస్తుందో ఎవరికి తెలుసు?

మరి పోల్స్ ఇంతగా ఎందుకు తప్పుతాయి? నా అనుభవంలో పెద్ద కారణాలు రెండు. మొదటిది, మార్చి జ్ఞాపకం, అంటే ఎన్‌సీఏఏ టోర్నమెంట్ జ్ఞాపకం. నార్త్ కరోలైనా 2022లో ఎనిమిదో సీడ్‌గా (తన విభాగంలో ఎనిమిదో ర్యాంకుతో) వచ్చి ఫైనల్ దాకా వెళ్లి, కాన్సస్ చేతిలో 72-69తో ఓడింది. ఆ ఐదుగురు స్టార్టర్లలో నలుగురు తిరిగొచ్చారు. ఓటేసినవాళ్ల కళ్లముందు ఆ మూడు వారాలే ఉన్నాయి, అంతకుముందు జట్టు తడబడిన నెలలు లేవు. రెండోది, వెళ్లిపోయినవాళ్లు కనబడినంతగా ఎదిగేవాళ్లు కనబడరు. మార్కెట్ నుంచి జస్టిన్ లూయిస్ వెళ్లిపోవడం అందరికీ కనబడింది. మిగిలినవాళ్లలో టైలర్ కోలెక్ ఆ ఏడాది బిగ్ ఈస్ట్ ఉత్తమ ఆటగాడవుతాడని ఓటేసిన కోచ్‌లకీ తట్టలేదు. పర్డ్యూ నుంచి జేడెన్ ఐవీ ఎన్‌బీఏకి పోయాడన్న దిగులులో, జాక్ ఈడీ దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడవుతాడని ఎవరూ లెక్కేయలేదు.

మా కంప్యూటర్ లెక్కలు కాస్త మేలు, అంతే. నిరుడు ఆడిన నిమిషాల్లో ఎన్ని తిరిగొస్తున్నాయి, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా వేరే కాలేజీ నుంచి వచ్చినవాళ్లు పాత జట్టులో ఎలా ఆడారు, కొత్త పిల్లల రిక్రూటింగ్ ర్యాంకులు, గత కొన్నేళ్లుగా జట్టు స్థాయి, ఇవన్నీ కలుపుతాం. 2021 నుంచి మొదటిసారి కాలేజీ మారేవాళ్లు ఏడాది ఆగకుండా ఆడొచ్చు, 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఆడొచ్చు. దాంతో "తిరిగొచ్చిన నిమిషాలు" అన్న మా పాత ఆధారం బాగా బలహీనపడింది. ఎనిమిది మంది కొత్తవాళ్లున్న జట్టుని ఏ లెక్కతో కొలవను?

ఇక మిగతావి గబగబా.

ప్రీసీజన్ ర్యాంకు తక్కువైతే ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి జట్లని ఎంచే సెలక్షన్ కమిటీ పక్కన పెడుతుందంటారు. పెట్టదు. కమిటీ చూసేది ఆడిన ఆటల్ని: నెట్ ర్యాంకు (ఆటల ఫలితాల నుంచి లెక్కకట్టే ఎన్‌సీఏఏ ర్యాంకు), క్వాడ్రంట్లవారీ గెలుపోటములు (ప్రత్యర్థి బలం, ఆడిన చోటుని బట్టి ఆటల్ని నాలుగు తరగతులు చేస్తారు, క్వాడ్ వన్ అన్నిటికంటే కష్టమైనది), ఎవరి మీద ఎక్కడ ఆడారన్నది. నంబర్ వన్‌గా మొదలైన నార్త్ కరోలైనాని ఆ ర్యాంకు కాపాడిందా? క్వాడ్ వన్ ఆటల్లో 1-9 ఉన్న జట్టుని ఏదీ కాపాడలేదు. పైగా కాన్ఫరెన్స్ టోర్నమెంట్ గెలిచినవాళ్లకి నేరుగా చోటు దొరుకుతుంది, వాళ్లని అక్టోబర్‌లో ఎన్నో స్థానంలో వేసినా సరే.

కోచ్‌లు తమకి తామే ఓటేసుకుంటారన్నది ఇంకో మాట. బిగ్ ఈస్ట్‌లో సొంత జట్టుకి ఓటు వేసే వీలే లేదు.

రెగ్యులర్ సీజన్‌లో మొదటొచ్చిన జట్టే అన్నిటికంటే గట్టిది అనుకోవడమూ పొరపాటే. బిగ్ ఈస్ట్‌లో ప్రతి జట్టూ తక్కిన పదింటితో రెండేసిసార్లు ఆడుతుంది, అది సమానం. 18 జట్ల బిగ్ టెన్‌లో 20 ఆటల్లో ముగ్గురితోనే రెండుసార్లు, మిగతా 14 జట్లతో ఒక్కోసారే. ఆ ముగ్గురు ఎవరన్నదాన్ని బట్టి ఒకటి రెండు గెలుపులు అటూ ఇటూ అవుతాయి. పోల్ చూసేముందు షెడ్యూల్ చూడండి.

అక్టోబర్‌లో తలుపులేసుకుని ఆడే స్క్రిమేజ్‌ల (ప్రాక్టీస్ ఆటల) స్కోర్లు బయటికి పొక్కుతాయి చూశారా, వాటిని దయచేసి నాకు పంపకండి. అక్కడ కోచ్ సగం సేపు బెంచ్ మీదవాళ్లనే ఆడిస్తాడు, కొత్త డిఫెన్స్ పరీక్షిస్తాడు, గాయం అనుమానం ఉన్నవాణ్ణి దించడు. "ఇరవై పాయింట్ల తేడాతో ఓడిపోయారంట" అని రాత్రికి రాత్రి పుకారు పుట్టిస్తే, తెల్లారేసరికి ఆ పంతొమ్మిదేళ్ల పిల్లలు దాన్ని ఫోన్‌లో చదువుకుంటారు. నాకు కోపమొచ్చేది అందుకే.

పోల్‌లో జట్టు ఆఖరున ఉందని ఒకావిడ ఫోన్ చేశారు, రెండేళ్ల క్రితం. తెలుగువాళ్లే. వాళ్లబ్బాయి వేరే కాలేజీలో వాక్-ఆన్, అంటే స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో ఉన్నాడు. "కోచ్‌ని తీసేస్తారేమో బాబూ, కొత్తాయన వస్తే మావాణ్ణి ఉంచుతాడా?" అని ఆవిడ బెంగ. సౌత్ కరోలైనా సంగతి చెప్పాను. 2023-24లో ఎస్ఈసీ కాన్ఫరెన్స్‌లో 14వ స్థానం, అంటే అట్టడుగు, ఇచ్చారు. 13-5తో రెండో స్థానం పంచుకుంది, కోచ్ లమోంట్ పారిస్‌ని కాన్ఫరెన్స్ ఉత్తమ కోచ్‌గా ఎంచుకున్నారు. కానీ ఆఖరున వేసిన జట్లు ఎక్కువగా కిందే ఉండిపోతాయని కూడా చెప్పాను. ఆవిడకి అబద్ధపు ధైర్యం ఇవ్వడం నాకిష్టం లేదు. పోల్ చూసి కోచ్‌ని తీసేయరమ్మా, ఆటలు చూసే నిర్ణయిస్తారు, మార్చి దాకా టైముంది అన్నాను.

వాళ్ల జట్టు ఆ ఏడాది కింది నుంచి రెండో స్థానంలో నిలిచింది. కోచ్ అక్కడే ఉన్నాడు. ఫిబ్రవరిలో ఒక ఆటలో ఆ అబ్బాయికి నాలుగు నిమిషాలు దొరికితే, ఆవిడ ఇక్కడి టైమ్ రాత్రి పదకొండింటికి మళ్లీ ఫోన్ చేసి, "ఒక రీబౌండ్ పట్టాడు బాబూ" అన్నారు.