గ్లాసు నీళ్ళలో మట్టిపెళ్ళ

రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఎండిన మట్టిపెళ్ళ ఒక్కోటి మెల్లగా వదలండి. రెండూ ఒకే రకం నేలలోవే కావాలి. ఒకటి ఏళ్ళ తరబడి పశువుల ఎరువు, పచ్చిరొట్ట పడిన చేలోది, రెండోది రసాయన ఎరువులే తప్ప ఇంకేమీ ఎరగని చేలోది. రెండోది సాధారణంగా నిమిషాల్లోనే విచ్చిపోయి నీళ్ళని బురద చేస్తుంది. మొదటిది నాలుగు గాలిబుడగలు వదిలి అలాగే కూర్చుంటుంది.

దాన్ని పట్టి ఉంచేది జిగురు. కుళ్ళే ఆకూ అలమూ తిని బాక్టీరియా వదిలే బంక, వేళ్ళని అల్లుకునే సన్నటి బూజు పోగులు, వానపాముల మలం కలిసి మట్టిని చిన్న చిన్న గుళికలుగా అతుకుతాయి. వాటి సందుల్లోంచే వాన నీరు ఇంకుతుంది. గుళికలు చితికితే నేల పైన పెచ్చు కడుతుంది, నీరు పైమట్టిని వెంటేసుకుని వాగులో పడుతుంది. సేంద్రియ సాగు అనగానే మందులు లేని కూరగాయల గురించే మాట్లాడతాం గానీ, నా మటుకు అసలు కథ ఈ గుళికల్లోనే ఉంది.

ఇక నత్రజని సంగతి. గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చాలంటే ఫ్యాక్టరీలో విపరీతమైన వేడి, ఒత్తిడి కావాలి. అంత ఖర్చు పెట్టి చేసినదాంట్లో పైరుకి దక్కేది దాదాపు సగమే. మిగిలినదాంట్లో కొంత నైట్రేటుగా భూగర్భ జలంలోకి దిగుతుంది, కొంత నైట్రస్ ఆక్సైడుగా గాలిలో కలుస్తుంది. వందేళ్ళ లెక్కన ఈ వాయువు కార్బన్ డయాక్సైడు కంటే 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెల్లో ఉండే బాక్టీరియా మాత్రం అదే పని చడీచప్పుడు లేకుండా చేసిపెడుతుంది.

స్విట్జర్లాండ్‌లో 1978 నుంచి సేంద్రియ సాగునీ మామూలు సాగునీ పక్కపక్క మడుల్లో పోల్చి చూస్తున్నారు. 21 ఏళ్ళ ఫలితాలు 2002లో వచ్చాయి. సేంద్రియ మడులకి ఎరువులు, ఇంధనం 34 నుంచి 53 శాతం, పురుగుమందులు 97 శాతం తక్కువ పట్టాయి. దిగుబడి కూడా 20 శాతం తగ్గింది.

ఆ 20 శాతాన్ని చూసీచూడనట్టు వదిలేయలేం. అది పూడ్చుకోవడానికి అడవి కొట్టి కొత్త పొలం చేస్తే వచ్చిన లాభం కాస్తా పోయినట్టే. తెగుళ్ళకి సేంద్రియ సాగులోనూ వాడనిచ్చే రాగి మందులు నేలలో పేరుకుపోతాయి, ఎందుకంటే రాగి లోహం, కుళ్ళిపోయేది కాదు. పచ్చి పెంట ఎక్కువ తోలినా నైట్రేటు కిందికి దిగుతుంది. అన్నిటికంటే తలనొప్పి కలుపు. కలుపుమందు వాడకూడదు కాబట్టి దున్నాలి, పదేపదే దున్నితే చితికేది ఆ గుళికలే.