పదకొండున్నరకి డీజే, పన్నెండింటికి మళ్లీ ఫోను

మా మేనల్లుడు కానిస్టేబుల్ ట్రైనింగ్ పూర్తి చేసుకుని ఈ మధ్యే గుంటూరులో డ్యూటీలో చేరాడు, చేరగానే నైట్ పెట్రోలింగ్‌లో వేశారు. మొదటి వారంలోనే ఒక రాత్రి పదకొండున్నరకి 112 నుంచి కాల్ వచ్చింది, ఏదో ఫంక్షన్ హాల్ దగ్గర డీజే, పక్క సందులో వాళ్లు నిద్రపోలేకపోతున్నారని. వెళ్లాడు, ఆపమన్నాడు, ఆపారు, వచ్చేశాడు. పన్నెండింటికి మళ్లీ ఫోను. మళ్లీ వెళ్లాడు, ఈసారి కొంచెం గట్టిగా మాట్లాడాడు, ఆపారు. పన్నెండున్నరకి మళ్లీ. మూడోసారి జీపు ఎక్కుతుంటే పక్కనున్న హెడ్డుగారు అడిగారంట, "ఏమబ్బాయ్, ఫోన్ చేసేదెవరో కనుక్కున్నావా?" అని. వీడు కనుక్కోలేదు. "పెళ్లి ముహూర్తం ఎన్నింటికో కనుక్కున్నావా?" అదీ లేదు.

వాడు నాకిది చెప్పింది కంప్లైంట్‌గా. "ట్రైనింగ్‌లో చట్టాలు బట్టీ పట్టించారు మావయ్యా, పరేడ్ చేయించారు, ఇలాంటి దానికి ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు, హెడ్డుగారేమో సమాధానం చెప్పకుండా ప్రశ్నలేస్తారు" అని. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషిని, నాకు ఆ హెడ్డుగారి మీద గౌరవం పెరిగిపోయింది. ఎందుకంటే ఆయన చేసిన పనికి పెద్ద పేరుంది, ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్ అంటారు, ముందు సమస్య, తర్వాత పాఠం అన్నమాట, ఆయనకి ఆ పేరు తెలిసుండదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు.

ఈ పద్ధతి పుట్టింది పోలీసుల దగ్గర కాదు, డాక్టర్ల దగ్గర. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969లో మెడికల్ స్కూల్ మొదలుపెట్టినప్పుడు, ముందు అనాటమీ అంతా, తర్వాత ఫిజియాలజీ అంతా, ఆఖర్న పేషెంటు అనే వరస తిరగేశారు. మొదటి రోజు నుంచే చిన్న గుంపు ముందు ఒక పేషెంటు కేసు పెడతారు, వీళ్లకి తెలిసింది రాసుకోవాలి, తెలియనిది ఏంటో కూడా రాసుకోవాలి, వెళ్లి చదువుకుని రావాలి. హోవార్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు దీన్ని బాగా ముందుకు తీసుకెళ్లాడు. ఆయన బాధ ఏంటంటే పిల్లలకి పాఠం వచ్చు, పరీక్షలో మార్కులు వస్తాయి, కానీ పేషెంటు ఎదురుగా కూర్చుంటే ఆ పాఠం గుర్తుకు రాదు.

పోలీసుల వైపు కథ వేరే. 1970లో అమెరికాలో శాన్ హోసే ఊళ్లో కొత్తగా చేరిన ఒక పోలీసు డ్యూటీలో ఉండగా కారు గుద్దేశాడు, అవతలి బండిలో ఒక మనిషి చనిపోయారు. తర్వాత ఇతని రికార్డు తీస్తే పనితీరు బాగోలేదని ముందు నుంచే తెలుస్తోంది, కానీ తీసెయ్యడానికి సరైన కాగితం లేదు. దాంతో 1972 కల్లా ఒక పద్ధతి తెచ్చారు, కొత్త పోలీసు పక్కన ఒక సీనియర్, రోజూ ఒక ఫారం, డ్రైవింగ్‌కి ఇంత, రిపోర్టు రాయడానికి ఇంత, మాట తీరుకి ఇంత అని 1 నుంచి 7 దాకా మార్కులు. ఇది దేశమంతా పాకింది. తప్పు చేసేవాణ్ణి పట్టుకోవడానికి బ్రహ్మాండమైన పద్ధతి, కానీ రోజూ మార్కులేస్తుంటే మనిషి ఏం నేర్చుకుంటాడు? సీనియర్‌కి ఏది నచ్చుతుందో నేర్చుకుంటాడు. (మా డిపార్టుమెంటులో ఇంటర్నల్ మార్కుల సంగతి నాకు తెలియదా.)

ఈలోగా 1979లో హెర్మన్ గోల్డ్‌స్టీన్ అనే లా ప్రొఫెసర్ ఒక వ్యాసం రాశాడు, పోలీసులు ఎంత త్వరగా వెళ్లారు, ఎన్ని కేసులు పెట్టారు అని లెక్కేసుకుంటున్నారు గానీ అసలు ఆ సమస్య తగ్గిందా లేదా అని చూసుకోవట్లేదు అని. పదే పదే వచ్చే కాల్స్‌ని విడివిడి సంఘటనలుగా కాకుండా అన్నీ కలిపి ఒక సమస్యగా చూడండి అన్నాడు. మావాడు ఆ రాత్రి మూడు కాల్స్‌కి వెళ్లాడు, లెక్కలో మూడు పనులు చేసినట్టు, కానీ సమస్య ఒక్కటే, అది కదల్లేదు.

డాక్టర్ల పద్ధతినీ గోల్డ్‌స్టీన్ మాటనీ కలిపింది అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని రీనో పోలీసులు, 1990ల చివర్లో అక్కడి కేంద్ర న్యాయశాఖ డబ్బుతో. వాళ్ల ప్రోగ్రాం 15 వారాలు. మొదటి వారం పరిచయం, తర్వాత మూడేసి వారాల చొప్పున నాలుగు దశలు, అత్యవసరం కాని కాల్స్, అత్యవసర కాల్స్, పెట్రోలింగ్, నేర పరిశోధన, మధ్యలో ఒక వారం, చివర్లో ఒక వారం మూల్యాంకనం. రోజువారీ మార్కులు తీసేశారు. ప్రతి దశలో ఒక సమస్య ఇస్తారు, దానికి ఒకటే సరైన సమాధానం ఉండకూడదు, అదే రూలు. ఇంకోటి నాకు బాగా నచ్చింది, కొత్తవాడు తన ఏరియా గురించి ఒక ఫైలు తయారుచేయాలి, ఎవరుంటారు, ఏం భయాలున్నాయి, ఎవరి మాట చెల్లుతుంది అని. గుంటూరు సంగతే చూడండి, బ్రాడీపేటలో అడ్రస్ అంటే ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు, ఈ రెండూ తెలియకపోతే జీపు గిరగిరా తిరుగుతుంది, వానొస్తే మూడొంతెనల కింద నీళ్లు నిలుస్తాయి, అప్పుడు ఆంబులెన్సుని పెద్దాసుపత్రికి ఎటు తిప్పాలో జీపులో కూర్చున్నవాడికి తెలిసుండాలి. ఇవి ఏ సిలబస్‌లోనూ ఉండవు.

సరే, మన డీజే దగ్గరికొద్దాం, మావాడు ఇదే సమస్యని ఆ పద్ధతిలో పెడితే ఎలా నడిచిందో చూడండి. ముందు ఊహలు, తప్పయినా పర్లేదు, నోటికొచ్చింది రాయాలి. "హాల్ వాళ్లకి భయం లేదు" అని వాడు మొదట రాశాడు. తర్వాత తెలిసినవి: 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు, వాయిద్యాలు మోగించకూడదు, నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. తర్వాత తెలియనివి, ఇక్కడే అసలు మజా. ఆ నిబంధనలోనే మూసి ఉన్న హాళ్లకి, లోపలివాళ్ల వరకు మినహాయింపు ఉంది, మరి మూడు పక్కల రేకులు, ఒక పక్క గేటు తెరిచి ఉంటే అది మూసి ఉన్నట్టా కాదా? పండగలకి ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకి మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అందులో ఒకరింటి పెళ్లి కూడా వస్తుందా? అన్నిటికన్నా ముందు, మన పెళ్లిళ్లకి ముహూర్తం రాత్రి 12:40కి పడితే గట్టిమేళం ఎవరాపుతారు, ఏ కానిస్టేబుల్‌కి ఆ ధైర్యముంది? సన్నాయికీ డీజేకీ తేడా ఎక్కడ గీయాలి?

పనిలో పనిగా వాడికి ఫిజిక్స్ కూడా పట్టుబడింది. డెసిబెల్ మామూలు లెక్క కాదు, 10 పెరిగితే శబ్ద శక్తి 10 రెట్లవుతుంది, కాబట్టి 45 ఉండాల్సిన చోట 100 ఉందనుకోండి, 3 లక్షల రెట్ల పైమాటే. స్పీకర్ని హాల్ లోపలికి తిప్పించాడు, పాట తగ్గింది, కానీ దడ్ దడ్ మనే బేస్ అలాగే వస్తోంది, ఏంటి మావయ్యా ఇది అని ఫోన్ చేశాడు. 50 హెర్ట్జ్ బేస్‌కి అల పొడవు దాదాపు 7 మీటర్లు, అంత పెద్ద అల ఇల్లు అడ్డమొస్తే ఆగదు, చుట్టుకుని పోతుంది, సన్నటి శబ్దాలకే దిక్కు మార్చడం పనిచేస్తుంది, బేస్ బాక్సులు మటుకు కట్టేయించాల్సిందే అని చెప్పా. ఇదే నేను క్లాసులో బోర్డు మీద రాస్తే వెనక బెంచీలో ఎంతమంది వింటారో నాకు తెలుసు, వీడు మాత్రం అర్ధరాత్రి రోడ్డు మీద నిలబడి విన్నాడు.

ఎందుకలా అంటే, ముందు సమస్యతో కుస్తీ పడితే మనకి ఏం తెలుసో ఏం తెలియదో మెదడుకి స్పష్టమవుతుంది, ఆ ఖాళీ ఉన్న చోట సమాధానం వచ్చి కూర్చుంటుంది. మను కపూర్ అనే పరిశోధకుడు 2008లో దీనికి ఫలవంతమైన వైఫల్యం అన్న అర్థంలో పేరు పెట్టాడు, పాఠం చెప్పకముందే లెక్క ఇచ్చి చేతులెత్తేయనిచ్చి తర్వాత చెప్తే, మొదటే చెప్పినవాళ్ల కన్నా లోతుగా పట్టుకుంటారని. ఇంకో సంగతి, ఎక్కడ నేర్చుకున్నామో అక్కడ తేలిగ్గా గుర్తొస్తుంది, క్లాసులో నేర్చింది క్లాసులో గుర్తొస్తుంది, సందులో నేర్చింది సందులో.

అయితే దీన్ని నెత్తినెక్కించుకోవాల్సిన పని లేదు. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అని ముగ్గురు గట్టిగా ఎదురు తిరిగారు. మనిషి ఒకేసారి మనసులో పెట్టుకోగలిగేది చాలా తక్కువ, బొత్తిగా కొత్తవాణ్ణి సమస్యలోకి తోసేస్తే ఆ కంగారుకే బుర్ర నిండిపోతుంది, నేర్చుకోవడానికి చోటే మిగలదు, ముందు చేసి చూపించండి అన్నారు. అంతకుముందు 2003లో చాలా అధ్యయనాల్ని కలిపి చూస్తే కూడా ఈ పద్ధతిలో చదివినవాళ్లు తెలిసినదాన్ని వాడటంలో మెరుగ్గా ఉన్నారు గానీ ఉత్త సమాచారం గుర్తుంచుకోవడంలో కొంచెం వెనకబడ్డారని తేలింది. నాకు ఇది సబబుగానే అనిపిస్తుంది. తుపాకీ ఎలా పట్టుకోవాలి, గుండె ఆగిన మనిషి ఛాతీ మీద ఎలా నొక్కాలి, ఇవి చర్చించి కనుక్కునేవి కావు, వందసార్లు చేయించి చేతికి అలవాటు చేయాల్సినవి. ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ ఎలా కట్టాలో కూడా అంతే, 2024 జులై 1 నుంచి కేసు ఎలా నడపాలో చెప్పే చట్టం సీఆర్‌పీసీ పోయి దాని చోట బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది, ఎఫ్ఐఆర్ గురించిన పాత 154 సెక్షన్ ఇప్పుడు 173, దాన్ని ఊహించి ఏం కనిపెడతారు, చదువుకోవాలంతే. ఆ పునాది పడ్డాకే సమస్య ఇవ్వాలి, ఇచ్చాక పక్కన ప్రశ్నలడిగే మనిషి ఉండాలి.

ఆ మనిషి దగ్గరే మనకి చిక్కు. రీనో పద్ధతిలో నేర్చుకునేటప్పుడు తప్పులు చేయనిస్తారు, తప్పు నుంచి ముందుకు పోవాలంటారు. మన దగ్గర స్టేషన్ అంటే ర్యాంకు, కింది వాడు "ఎందుకు సార్?" అంటే ఎదురు మాట్లాడినట్టే లెక్క, పైగా రాత్రంతా రౌండ్లు తిరిగి పొద్దున బందోబస్తుకి పోవాల్సిన హెడ్డుగారికి కూర్చోబెట్టి ప్రశ్నలడిగే ఓపిక ఎక్కడుంటుంది. మావాడికి దొరికాయన దొరికాడు, అది అదృష్టం, అదృష్టాన్ని ట్రైనింగ్ అనలేం.

ఇంతకీ ఫోన్ చేసేదెవరో తెలిసింది. ఒక్కరు కాదు, ఇద్దరు. ఒకామె నైట్ డ్యూటీ నర్సు కూతురు, ఈఏపీసెట్‌కి (పాత ఎంసెట్) చదువుకుంటోంది, ఇంకొకాయన పక్కింటి పెద్దాయన, గుండె ఆపరేషన్ అయ్యింది. మావాడు ఇద్దరితో మాట్లాడి, హాల్ మేనేజర్‌తో మాట్లాడి, డీజే కుర్రాళ్లతో టీ తాగి, ఊరేగింపు పదిలోపు ముగించి తర్వాత సన్నాయి మాత్రం మైకు లేకుండా లోపలే అని ఒప్పించాడు. "భయం లేదు" అన్న మొదటి లైను కొట్టేసి, "డీజే వాళ్లకి గంటల లెక్కన డబ్బులు, అందుకే సాగదీస్తున్నారు" అని కింద రాశాడు. వాడు ఇవన్నీ రాసుకునేది రెండువందల పేజీల నోట్‌బుక్, ఇప్పటికి సగం నిండింది.

మొన్న ఆదివారం భోజనానికి వచ్చి తిన్నాక వంటింట్లోకి వెళ్లి తిథుల క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. కాల్ వచ్చిన రాత్రులన్నీ పెళ్లి ముహూర్తాల రాత్రులే మావయ్యా, వచ్చే నెలవి ఇప్పుడే తెలిసిపోతాయిగా, ముందు రోజే హాల్‌కి వెళ్లి చెప్పొచ్చు అన్నాడు. క్యాలెండర్ మేకు నుంచి తీసి చంకలో పెట్టుకుని పోయాడు. రాహుకాలం ఎప్పుడో తెలీక వాళ్ల అత్తయ్య అప్పట్నుంచీ నన్ను తిడుతోంది.