ఆటో స్టార్టర్ నుంచి ఈవీ చార్జర్ దాకా

పల్లెలో పెరిగినవాళ్లకు ఆటోమేటిక్ స్టార్టర్ గురించి చెప్పక్కర్లేదు. త్రీఫేజ్ కరెంటు ఏ రాత్రి ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, చీకట్లో చేనికి పోయి మోటారు వేయలేక రైతు స్టార్టర్‌ను ఆటోలో పెట్టి పడుకునేవాడు, కరెంటు రాగానే మోటారు దానంతటదే లేచేది. ఒక్కడు పెట్టుకుంటే ఏమీ కాదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న అందరూ పెట్టుకుంటే మాత్రం కరెంటొచ్చిన క్షణంలో మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. లేచేటప్పుడు ప్రతి మోటారూ మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది కాబట్టి ఫ్యూజులు ఎగిరిపోతాయి, వోల్టేజి పడిపోతుంది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. అది రిపేరై వచ్చేదాకా పైరు ఎండాల్సిందే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, అటు భూగర్భ జలాల కోసమూ ఇటు లోడు కోసమూ, ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది.

ఈ పాత సంగతి ఎందుకంటే, ఎలక్ట్రిక్ బండ్ల చార్జింగ్ మీద ప్రాజెక్టు చేస్తామని వచ్చే విద్యార్థుల్లో చాలామంది మొదట అడిగేది ‘బండ్లన్నీ ఎలక్ట్రిక్ అయితే దేశంలో కరెంటు సరిపోతుందా’ అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఈ రంగంలో నలభై ఏళ్లకు పైగా జరిగిన పని చూస్తే, అసలు చిక్కంతా అందరూ ఒకేసారి ప్లగ్ పెట్టడంలోనే ఉందని నాకనిపిస్తుంది.

1980లో అమెరికాలోని ఎంఐటీలో ఫ్రెడ్ ష్వెపీ బృందం ఒక ఆలోచన బయటపెట్టింది. అప్పటికి ఎలక్ట్రిక్ కార్ల మాటే పెద్దగా లేదు. డిమాండ్ పెరిగితే ఉత్పత్తి పెంచడమొక్కటే మార్గమా, వాడే పరికరమే గ్రిడ్ (కరెంటు కేంద్రాల నుంచి ఇళ్ల దాకా ఉన్న లైన్ల వల) పరిస్థితి చూసి కాస్త తగ్గితే సరిపోదా అన్నది వాళ్ల ప్రశ్న. గ్రిడ్ ఇబ్బందిలో ఉందనేది గోడకున్న ప్లగ్ దగ్గరే తెలిసిపోతుంది, ఎందుకంటే లోడు ఎక్కువై ఉత్పత్తి చాలకపోతే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూఇటూ ఊగుతుందో ఆ లెక్క, పడిపోతుంది. మన దగ్గర ఉండాల్సింది 50 హెర్ట్జ్. ఒకప్పుడు దక్షిణాది గ్రిడ్‌లో అది 48 దగ్గరికి దిగడం మామూలే. ఫ్రీక్వెన్సీ తగ్గినప్పుడు అదనంగా లాగే రాష్ట్రం ఎక్కువ రేటు కట్టాలన్న ఏబీటీ పద్ధతి 2003 జనవరిలో మన ప్రాంతంలో మొదలయ్యాకే పరిస్థితి కుదుటపడుతూ వచ్చింది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన గ్రిడ్ కుప్పకూలి, రెండోరోజు దాదాపు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైనప్పుడు మనకు దెబ్బ తగల్లేదు. దక్షిణ గ్రిడ్ అప్పటికి విడిగా ఉంది. 2013 డిసెంబరు 31న రాయచూర్–సోలాపూర్ లైనుతో అదీ కలిసిపోయింది.

కార్ల విషయానికొస్తే, 1997లో అమెరికాలోని డెలవేర్ యూనివర్సిటీకి చెందిన విలెట్ కెంప్టన్, స్టీవెన్ లెటెండ్రేతో కలిసి ఒక పేపర్ రాశాడు. కారు రోజులో ఎక్కువ సేపు ఊరికే నిలబడే ఉంటుంది, అందులో బ్యాటరీ ఉంటుంది, అవసరమైనప్పుడు ఆ కరెంటును గ్రిడ్‌కు తిరిగి ఇవ్వొచ్చు కదా అని. పదహారేళ్లకు, 2013లో, అదే యూనివర్సిటీ ఒక విద్యుత్ కంపెనీతో కలిసి ‘మినీ ఈ’ అనే ఎలక్ట్రిక్ కార్లను అమెరికా తూర్పు ప్రాంతపు గ్రిడ్‌కు కలిపి, ఫ్రీక్వెన్సీ నిలబెట్టే సేవ చేసి డబ్బు కూడా తీసుకుంది.

నాకు మాత్రం ఇంతకన్నా ముఖ్యమనిపించేది బెల్జియంలోని ల్యూవెన్ యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ విద్యార్థిని చేసిన పని. క్రిస్టియెన్ క్లెమెంట్-నైన్స్ తన గైడుతో కలిసి 2010లో అచ్చేసిన పేపర్‌లో హైటెన్షన్ లైన్లను వదిలి, ఇళ్ల మధ్య ఉండే చిన్న లైన్లను పట్టుకుంది. సాయంత్రం ఇంటికి రాగానే ఎవరికి వాళ్లు చార్జింగ్ పెడితే లైను చివరి ఇళ్లకు వోల్టేజి ఎంత పడుతుంది, అదే వంతులవారీగా పెడితే ఎంత మిగులుతుంది అని లెక్కకట్టింది. తర్వాత వచ్చిన ఎన్నో థీసిస్‌లు ఈ దారిలోనే నడిచాయి.

వంతులు పెట్టడానికి అందరికీ తట్టే ఉపాయం రేటు. మన కేంద్రమూ అటే వెళ్లింది. టైమును బట్టి కరెంటు చార్జీ మారేలా 2023లో నిబంధనలు సవరించింది. 2024 సెప్టెంబరు మార్గదర్శకాల్లో పబ్లిక్ చార్జింగ్ స్టేషన్లకు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు, మిగతా టైములో 1.3 రెట్లు అంది. పగలు సోలార్ కరెంటు దండిగా ఉంటుంది కాబట్టి ఇది సబబే. అయితే రేటు తగ్గే టైముకు ఇంటింటా చార్జర్‌కు టైమర్ పెట్టుకున్నారనుకోండి, అది మళ్లీ ఆటో స్టార్టరే! బ్రిటన్ ఈ సంగతి ముందే పసిగట్టింది. 2022 జూన్ 30 నుంచి అమల్లోకొచ్చిన నిబంధనల ప్రకారం అక్కడ అమ్మే ఇంటి చార్జర్లు ఒక్కోటి ఒక్కో క్షణంలో మొదలయ్యేలా పది నిమిషాల దాకా లేటు పెట్టుకోగలగాలి. ఎంత చిన్న ఉపాయమో చూడండి.

మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించేది 1989లో అమెరికాలో తయారైన 33 బస్సుల నమూనా. బస్సు అంటే ఇక్కడ బండి కాదు, లైన్లు కలిసే చోటు. మాట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో అది ఎక్కించి, అక్కడక్కడా చార్జర్లు పెట్టి గ్రాఫులు గీస్తారు. నేర్చుకోవడానికి మంచిదే. కానీ ఆ నమూనాలో మూడు ఫేజుల మీదా, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే మూడు కరెంటు వైర్ల మీదా, లోడు సమానంగా ఉంటుంది, వీధిలో అలా ఉండదు.

మొన్న వేసవిలో ఎంటెక్ చేస్తున్న ఒక అమ్మాయితో కలిసి మా పక్క వీధిలో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సాయంత్రమంతా నిలబడ్డాను. దాని పూర్తి సామర్థ్యం ఫేజుకు సుమారు 133 ఆంపియర్లు. లైన్‌మన్ కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌ను ఒక్కో వైరుకూ తగిలించి చూపిస్తుంటే, ఒక ఫేజు మీద వంద దాటింది, పక్కదాని మీద అందులో సగం కూడా లేదు. “ఆ మూలింటికి కారు వచ్చినప్పట్నుంచీ ఈ ఫేజుతోనే తిప్పలు మేడమ్, రెండుసార్లు ఫ్యూజు కట్టా” అన్నాడు. 7.2 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ చార్జరొక్కటే 31 ఆంపియర్లు లాగుతుంది, అదీ ఏసీలన్నీ నడిచే వేళలో. పైగా వోల్టేజి తగ్గితే పాత బల్బు మసకబారి తక్కువ లాగుతుంది గానీ, ఇలాంటి చార్జర్ అదే పవర్ కోసం ఇంకా ఎక్కువ కరెంటు లాగాలని చూస్తుంది. స్కూటర్ చార్జర్లు చిన్నవే, కానీ వీధికి ఎన్ని ఉన్నాయో, ఏ ఫేజు మీద ఉన్నాయో రాసిపెట్టినవాళ్లెవరూ లేరు.

ఆ అమ్మాయి 33 బస్సుల నమూనా పక్కనపెట్టి ఇప్పుడు ఆ వీధినే గీస్తోంది. ఆదివారాలు లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని స్తంభం నుంచి స్తంభానికి తిరుగుతూ, నోట్‌బుక్‌లో ఇంటి నంబర్ల ఎదురుగా ఆర్, వై, బీ అని ఫేజు పేరు రాసుకుంటోంది. ఇంకా పదకొండు ఇళ్లు ఏ ఫేజువో తేలాలట.