ఒకే బర్రెను ముగ్గురు లెక్కపెట్టిన ఊరు: కలిసి పనిచేయడం మీద అపోహలు, వాస్తవాలు

కర్నూలు జిల్లాలో పొదుపు సంఘాలతో పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఊరూరా తిరిగి ఆడవాళ్లకు మేం చెప్పిన మాట ఒక్కటే: "అమ్మా, పదిమందీ కలవండి." చెప్పిన మేం మాత్రం కలిసింది తక్కువ. ఒకే మండలంలో రెండు స్వచ్ఛంద సంస్థలు, ఒక కంపెనీ ఫౌండేషన్ ఉండేవి. ఎవరికి వారే యమునా తీరే. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లల నోట ఇప్పటికీ అవే నమ్మకాలు వింటుంటాను. ఒకప్పుడు నావీ అవే.

అపోహ: అందరి లక్ష్యం ఒకటైతే కలిసి పనిచేయడం దానంతటదే వస్తుంది

ఒక ఏడాది ఒకే ఊళ్లో మూడు సర్వేలు జరిగాయి. ఒకటి మాది. ఫారం పట్టుకుని వెళ్తే ఆ ఊరి పొదుపు సంఘం రెండో లీడరు అరుగు మీద బియ్యం చెరుగుతూ, తల కూడా ఎత్తకుండా అంది: "మా బర్రెలెన్నో ముగ్గురికీ చెప్పినాం. మీలో మీరు మాట్లాడుకోరా సార్?"

మా ముగ్గురి లక్ష్యమూ ఒకటే. ముగ్గురమూ మంచివాళ్లమే అనుకుంటాను. కానీ మా ఫారంలో పశువులన్నీ కలిపి ఒకే గడి. రెండో సంస్థ వాళ్లకు పాలిచ్చే బర్రెలు వేరు, వట్టిపోయినవి వేరు. ఫౌండేషన్ వాళ్లకు యాప్‌లో ఫొటో పడితే తప్ప బర్రె ఉన్నట్టు కాదు. ఒక్కొక్కరం ఒక్కో దాతకు రిపోర్టు పంపాలి. ఎవరికీ పక్కవాడి లెక్కతో పని లేదు.

ఆ మాట తగిలాకే ముగ్గురం కూర్చున్నాం. ఒక్క ఫారం ఒప్పుకోవడానికి మూడు నెలలు పట్టింది. అందులో సగం కాలం "కుటుంబం" అంటే ఏమిటో తేలకనే పోయింది. ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లా, ఒకే రేషన్ కార్డులో ఉన్నవాళ్లా? పెళ్లైన కొడుకు అదే ఇంట్లో వేరే పొయ్యి పెట్టుకుంటే? ఆశయాల మీద మాకు ఒక్క గొడవా రాలేదు. గొడవంతా పొయ్యి దగ్గరే.

అపోహ: కలిస్తే ఖర్చు తగ్గుతుంది

మొదట్లో పెరుగుతుంది. ముగ్గురినీ పిలిచేదెవరు, మినిట్స్ రాసేదెవరు, పోయిన నెల ఒప్పుకున్నది చేశారా లేదా అని ఫోన్ చేసేదెవరు? ఇది ఒక మనిషి పని. ఆ మనిషికి జీతం కావాలి, తిరగడానికి పెట్రోలు కావాలి. దాతలకు పంపే బడ్జెట్లో బావికి గడి ఉంటుంది, కుట్టు మిషన్‌కు గడి ఉంటుంది. దీనికి ఉండదు.

సంఘాల ఆడవాళ్లకు ఈ సంగతి మాకంటే ముందే తెలుసు. పంచసూత్రాలు ఏమిటని ఏ సంఘంలో అడిగినా గడగడా చెబుతారు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పులివ్వడం, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. ఐదోది చూడండి. పుస్తకం రాయడాన్ని వాళ్లు పొదుపుతో సమానంగా నిలబెట్టారు. రాసే యానిమేటర్‌కు, అంటే సంఘాల లెక్కలు చూసే ఊరి కార్యకర్తకు, సంఘాలే తలా ఇంత వేసుకుని ఇచ్చిన ఊళ్లు నాకు తెలుసు. రాసినదాన్ని సమావేశంలో పైకి చదవాలి కూడా. చదవకపోతే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాత్రం మాయం.

విదేశీ విరాళాల మీద నడిచే సంస్థలకు ఇంకో చిక్కుంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వడానికి లేదు. పరిపాలనా ఖర్చు పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. అంతకుముందు పట్నంలోని పెద్ద సంస్థ నిధులు తెచ్చేది, మండలంలోని చిన్న సంస్థ పని చేసేది. ఆ గొలుసు తెగింది. కలిసి పనిచేయండని సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని ఇస్తే బాగుంటుంది.

అపోహ: డ్వాక్రా సంఘాలు ఫలానావాళ్ల ఘనత

ఆ ఫలానావాళ్లు ఎవరన్నది మాత్రం చెప్పేవాడిని బట్టి మారుతుంది. ఆఫీసరు ప్రభుత్వం అంటాడు, బ్యాంకు మేనేజరు నాబార్డు (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) అంటాడు, మావాళ్లు మేమే అంటారు, పార్టీల సంగతి చెప్పనక్కర్లేదు.

డ్వాక్రా అన్న పేరు కేంద్ర పథకానిది, 1982లో వచ్చింది. కానీ మన దగ్గర ఆడవాళ్లు గుంపుగా కూర్చుని మాట్లాడటానికి ఊపు అక్షరాస్యతా ఉద్యమం నుంచి వచ్చింది. నెల్లూరు జిల్లాలో రాత్రిబడికి వచ్చినవాళ్లు సారా గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో మొదలైన పోరు 1992 నాటికి జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధమైంది. ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి దాచే "పొదుపు లక్ష్మి" పుట్టింది. సంఘాలకు బ్యాంకులు నేరుగా అప్పులిచ్చే ప్రయోగం నాబార్డు మొదలుపెట్టిందీ 1992లోనే, దేశం మొత్తం మీద 500 సంఘాలతో. 1995లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊరి సంఘాల మీద మండల సమాఖ్యలు కట్టే పని చేపట్టింది. మా ఓర్వకల్లు పేరు బయటికి తెలిసింది అప్పుడే. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలనకు రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ సెర్ప్ వచ్చింది, ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు పథకం వచ్చింది. 2011లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ చాలావరకు ఇక్కడి పద్ధతే.

ఇందులో ఏ ఒక్కరిని తీసేసినా మిగతాది ఇలా ఉండేది కాదు. ఆశ్చర్యమేమిటంటే వీళ్లందరూ ఒక టేబుల్ చుట్టూ కూర్చుని ఒప్పందం రాసుకోలేదు. ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకున్నారు. కలిసి పనిచేయడమంటే ఒకే సమయంలో, ఒకే బ్యానర్ కింద పనిచేయడమే అనుకునేవాళ్లు ఈ వరుస ఒకసారి చూడాలి.

అపోహ: ఎంతమంది ఉంటే అంత బలం

సంఘంలో పది, పదిహేను మంది. అంతకు మించితే ఎవరింట్లో ఏ కష్టముందో ఎవరికీ తెలియదు. బలం కావాలంటే సంఘాన్ని లావు చేయరు. సంఘాలన్నిటినీ కలిపి గ్రామ సంఘం, వాటిని కలిపి మండల సమాఖ్య కడతారు. నలభై సంస్థలు ఒక వాట్సాప్ గ్రూపులో ఉంటే అది సమాఖ్య కాదు. పండగ శుభాకాంక్షలకు పనికొస్తుంది.

అపోహ: సమష్టి బాధ్యత ఎప్పుడూ మంచిదే

దీని దగ్గర కాస్త ఆగాలి. మా రంగంలో ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని విషయం ఇది.

ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లు కట్టాలన్నది సంఘానికి బలమే. లక్ష్మమ్మ కూతురికి జ్వరం వస్తే ఈ నెల మేం సర్దుతాం, వచ్చే నెల ఆమె కడుతుంది. ఇక్కడ పూచీ వెనుక పరిచయం ఉంది. సూక్ష్మరుణ సంస్థలు పరిచయాన్ని వదిలేసి పూచీని మాత్రం తీసుకున్నాయి. ఐదుగురిని జట్టు చేయడం, వారం వారం వాయిదా, ఒకరు రాకపోతే నలుగురినీ కూర్చోబెట్టడం. చాలా ఊళ్లలో ఆ ఐదుగురూ మేం కట్టిన సంఘాల సభ్యులే. మేం ఏళ్ల తరబడి నేర్పిన కట్టుబాటును వాళ్లు వసూలుకు వాడుకున్నారు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. వాకిట్లో కూర్చుని తిట్టింది ఏజెంటు ఒక్కడే కాదు, పక్కింటి వదిన కూడా.

ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. సంస్థలు జిల్లాలో రిజిస్టరు చేసుకోవాలి, వాయిదా నెలకొక్కటే ఉండాలి, వసూలు ఇంటి ముందు కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి చోట జరగాలి. మరుసటి ఏడాది సమాఖ్యల వాటాతో, సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి వచ్చింది. మంచిదే. కానీ వదిన, మరదలు తిరిగి ఒక చాప మీద కూర్చోవడానికి మా ఊళ్లలో రెండు మూడేళ్లు పట్టింది. కొన్ని సంఘాలు మళ్లీ కూర్చోలేదు. అప్పట్లో మేం ముందే గొంతెత్తి ఉండాల్సింది. ఎత్తలేదు. వసూళ్లు నూటికి నూరు శాతం ఉన్నాయంటే సంఘాలు బాగున్నాయనే అనుకున్నాం.

అపోహ: ఏకాభిప్రాయం లేకపోతే కలయిక విఫలమైనట్టే

మినిట్స్ పుస్తకంలో "అందరూ ఆమోదించారు" అని ఆరు నెలలు వరుసగా కనిపిస్తే నాకు అనుమానం. మొదటి లీడరు ఒక్కతే మాట్లాడుతోందని అర్థం.

అపోహ: ఒక ఊళ్లో గెలిచిన పద్ధతిని అలాగే అన్ని ఊళ్లకూ పంచొచ్చు

పాల్వంచ దగ్గరి పునుకుల రైతులు పత్తికి పురుగుమందు మానేసి వేపగింజల కషాయం, మిరప-వెల్లుల్లి కషాయం వాడారు. ఒక స్థానిక సంస్థ వాళ్ల వెంట ఉంది. ఆ తర్వాత సెర్ప్ అందుకుని, మహిళా సంఘాల ద్వారా దాన్ని ఇతర జిల్లాలకు తీసుకెళ్లింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో జరుగుతున్న ప్రకృతి సేద్యానికి 2024లో పోర్చుగల్ ఫౌండేషన్ ఒకటి ఇచ్చే గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. కానీ ఊరు మారినప్పుడల్లా పంట మారింది, పురుగు మారింది, కషాయమూ మారింది. మారకుండా వెళ్లింది ఒక్కటే: పక్క పొలంలో చేసి చూపించిన రైతే వచ్చి చెప్పడం. చెప్పేది మా ఉద్యోగి అయితే వినేవాళ్లు "సరే సార్" అంటారు. చెప్పేది రైతు అయితే "ఎకరాకు ఎంత మిగిలింది?" అంటారు.

అపోహ: కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కలిపి వాడటానికి చట్టం ఒప్పుకోదు

ఒప్పుకుంటుంది. రెండు కంపెనీలు కలిసి ఒక ప్రాజెక్టు చేయొచ్చు, ఎవరి ఖర్చు వాళ్లు విడిగా చూపించగలిగితే చాలు. ఆ "విడిగా" అన్న మాటే ఆచరణలో తమాషాలు చేస్తుంది. మా పక్క మండలంలో ఒక నీళ్ల ట్యాంకుకు ఇద్దరు దాతలు. తూర్పు ముఖాన ఒకరి బోర్డు, పడమటి ముఖాన ఇంకొకరిది. రెండింటి మీదా ఒకే సామర్థ్యం, ఒకే తేదీ. మోటారు కాలిపోయినప్పుడు బాగు చేయించే పద్దు ఇద్దరి దగ్గరా లేదు. గ్రామ సంఘం వాళ్లు ఇంటికి ఇంత వేసుకుని చుట్టించారు. వాళ్ల బోర్డు ఎక్కడా లేదు. రసీదు మాత్రం మినిట్స్ పుస్తకంలో అతికించి ఉంది.