తెల్ల జింజర్ లిల్లీ పెంచుతున్న పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

నర్సరీ నుండి తెచ్చుకున్న తెల్ల జింజర్ లిల్లీ రెండు వారాలు చక్కగా పూసి, ఆ తరువాత పూసిన కాడ పసుపుబారి ఎండిపోయిందనీ, మొక్క చచ్చిపోయిందనుకొని కుండీ ఖాళీ చేయబోతున్నారనీ మీ అమ్మ చెప్పింది. దయచేసి ఆ పని చేయకండి. ఎండిపోయినది కాడ మాత్రమే. ఈ మొక్క ప్రాణమంతా మట్టిలో అడ్డంగా పాకే దుంపలో ఉంటుంది. మీరు కాండం అనుకుంటున్నది కూడా నిజమైన కాండం కాదు, ఆకుల అడుగుభాగాలు ఒకదానినొకటి గట్టిగా చుట్టుకొని నిలబడిన కాడ. ప్రతి కాడా తన కొనన ఒక్కసారే పూస్తుంది, పూత అయిపోయాక తన పని ముగించుకుంటుంది. దానిని మొదలంటా కోసివేస్తే పక్కన పుట్టే పిలకలకు చోటు, వెలుతురు దొరుకుతాయి. అయితే ఇంకా పూయని పచ్చని కాడలను మాత్రం అందం కోసం కత్తిరించకండి. పూయవలసినవి అవే.

ఇది అల్లం, పసుపు, ఏలకుల కుటుంబానికి చెందిన మొక్క. దీని సొంత ఊరు తూర్పు హిమాలయాల దిగువ కొండలు, మన ఈశాన్య రాష్ట్రాలు, దక్షిణ చైనా వైపు ఉన్న తడి నేలలు. అక్కడ వాన ఎక్కువ, గాలిలో తేమ ఎక్కువ, చెట్ల నడుమ నుండి పడే వెలుతురు మెత్తగా ఉంటుంది. మణిపూర్, బెంగాల్ ప్రాంతాలలో ఇళ్ల ముందు దీనిని ఇష్టంగా పెంచుతారు. మన మైదానపు ఊళ్లలో దీనికి వచ్చే కష్టాలన్నీ ఆ సొంత ఊరి వాతావరణం ఇక్కడ లేకపోవడం వల్లనే వస్తాయని గుర్తుపెట్టుకుంటే ఏం చేయాలో మీకే తోస్తుంది.

పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నానికి నీడ వచ్చే చోటు దీనికి అన్నిటికంటె మేలు. పూర్తి నీడలో ఉంచితే ఆకులు ఏపుగా పెరుగుతాయి గాని పువ్వులు రావు. వైశాఖ జ్యేష్ఠ మాసాల మధ్యాహ్నపు ఎండలో వదిలేస్తే ఆకుల అంచులు మాడిపోతాయి. దుంప నాటడానికి తొలకరి సరైన సమయం, మన రైతులు పసుపు నాటే రోజులే. ఒకటి రెండు మొలక కళ్లు స్పష్టంగా కనబడే ముక్కను తీసుకొని, కోసిన చోటు ఒక రోజు నీడలో ఆరనిచ్చి, పైన రెండు అంగుళాల మట్టి మాత్రమే ఉండేలా అడ్డంగా నాటాలి. లోతుగా పాతిపెట్టడం చాలామంది చేసే పొరపాటు. దుంప పక్కలకు పాకుతుంది కాబట్టి కుండీకి లోతు కంటె వెడల్పు ముఖ్యం. మట్టిలో మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు గాని ఆకుల ఎరువు గాని కలపండి. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి గాని నీరు నిలవ ఉండకూడదు, ఎందుకంటే నిలవనీటిలో అల్లం కుళ్లినట్టే ఇదీ కుళ్లుతుంది. వేసవిలో మొదళ్ల చుట్టూ ఎండుటాకులు పరచి, సాయంత్రం ఆకుల మీద కూడా నీళ్లు చల్లితే పొడిగాలికి పట్టే ఎర్రనల్లి అనే చిన్న పురుగు బెడద తగ్గుతుంది. రెండు మూడేళ్లకొకసారి దుబ్బును తవ్వి విడదీయకపోతే దుంపలు ఒకదానిపై ఒకటి ఇరుక్కొని పూత సన్నగిల్లుతుంది.

ఇక పువ్వును చూసే తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలని ఉంది. సాయంత్రం విచ్చుకొనే పువ్వును ఒక్కటి కోసి చేతిలోకి తీసుకోండి. రేకులవలె కనబడే ఆ వెడల్పాటి తెల్లని భాగాలు నిజానికి రేకులు కావు, రూపం మార్చుకున్న కేసరాలు. అసలు రేకులు వాటి వెనుక సన్నగా, పట్టించుకోనంత చిన్నవిగా ఉంటాయి. పుప్పొడినిచ్చే కేసరం ఒక్కటే ఉంటుంది, దాని కాడలోని గాడి గుండా సన్నని కీలం, అంటే అండాశయం నుండి వచ్చే కాడ, పైకి సాగి, పుప్పొడి తిత్తుల నడుమ నుండి కొన మాత్రం బయటపెడుతుంది. పువ్వు అడుగున ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవైన గొట్టం ఉంటుంది. అందులోని తేనెను అందుకోగలిగేది సీతాకోకచిలుకలను పోలి, పొడవాటి తొండం ఉన్న పెద్ద చిమ్మటలే. అవి రాత్రి తిరుగుతాయి కాబట్టి పువ్వు తెల్లగా ఉండి, చీకటిపడే వేళకు సువాసన వెదజల్లుతుంది. ఒక పువ్వు ఒక రోజుకే వాడిపోయినా, అదే కంకి నుండి కొత్తవి వరుసగా వస్తూనే ఉంటాయి.

ఈ మొక్కను శాస్త్రీయంగా వర్ణించి, దాని ప్రజాతికి హెడీకియం అని పేరు పెట్టినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. నేటి లాత్వియా ప్రాంతంలో 1728లో పుట్టి, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని నెలకొల్పిన లిన్నేయస్ దగ్గర చదువుకొని, తమిళనాడు తీరంలో అప్పటి డేనిష్ స్థావరమైన తరంగంబాడికి వైద్యుడుగా వచ్చినవాడు. సయాం (నేటి థాయిలాండ్), మలక్కా వైపు తిరిగి అల్లం జాతి మొక్కలను శ్రద్ధగా పరిశీలించాడు, ఆ వర్ణనలు 1783లో అచ్చయ్యాయి. 1785లో ఆయన మన కాకినాడలోని జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. అప్పుడు సామర్లకోటలో ఉద్యోగం చేస్తున్న వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ దగ్గరుండి వైద్యం చేశాడు. కోనిగ్ పేరు మన ఊళ్లో ఎక్కువమందికి తెలియాలని నా కోరిక.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. క్యూబా దేశం దీనిని జాతీయ పుష్పంగా ఎంచుకొంది, కాని హవాయి, బ్రెజిల్ వంటి చోట్ల ఇది తోటలు దాటి వాగుల గట్లను ఆక్రమించి, అక్కడి సొంత మొక్కలను అణగదొక్కుతోంది. విరిగిన దుంప ముక్క నీటిలో కొట్టుకుపోయి ఎక్కడ ఆగితే అక్కడ మొలుస్తుంది. గుర్రపుడెక్క మన కాలువలకు చేసిన చేటు మీకు తెలుసు కదా. కనుక దుబ్బు విడదీసినప్పుడు మిగిలిన దుంపలను కాలువలో గాని చెరువుగట్టున గాని పారేయకండి. అడిగినవారికి కుండీలో పెట్టి ఇవ్వండి, ఎవరూ అడగకపోతే ముక్కలు చేసి పూర్తిగా ఎండబెట్టి ఎరువు గుంటలో వేయండి.

ఇట్లు,
మీ తాతయ్య