దాతే అంటే ఏ దాతే?

జపాన్‌లో దాతే అనే నగరాలు రెండున్నాయి. ఒకటి ఫుకుషిమాలో, రెండోది సముద్రం దాటి ఉత్తరాన హొక్కైదోలో. రాసే అక్షరాలు కూడా అవే. ఊరి పేరు ఇంటిపేరై, ఆ ఇంటిపేరు మళ్లీ ఇంకో ఊరికి పేరైంది. ఊళ్ల నుంచి ఇంటిపేర్లు రావడం మనకు కొత్తేమీ కాదు. ఇక్కడ విశేషం తర్వాత జరిగినదే.

1189లో ఉత్తరాది యుద్ధం గెలిచిన సమురాయ్ నాయకుడు మినమొతో నో యొరితొమొ, తన తరఫున పోరాడిన ఒక వంశానికి దాతే అనే సీమను ఇచ్చాడు. వాళ్లు ఆ పేరే తమకు పెట్టుకున్నారు. ఆ వంశంవాడే సెందాయ్ కోట కట్టిన మసమునె. 1868 అంతర్యుద్ధంలో ఆ వంశం ఏలిన సెందాయ్ సంస్థానం ఓడిన పక్షాన నిలిచింది. ఆ దెబ్బ సెందాయ్ కింద వతారిలో ఉన్న దాతే శాఖకు గట్టిగా తగిలింది. దాదాపు 24 వేల కొకుల జాగీరు 58 కొకులకు పడిపోయింది. కొకు అంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడే బియ్యమని లెక్క. అంటే మిగిలింది 58 మందికి తిండి. నమ్ముకుని ఉన్న సమురాయ్‌లు, వాళ్ల కుటుంబాలు కలిపితే వేలమంది.

ఇక అక్కడ బతుకు లేదని తేలిపోయింది. 1870లో ప్రభువు కునిషిగె తన మనుషులతో హొక్కైదోకు ఓడెక్కాడు. 1881 దాకా తొమ్మిది విడతలుగా సుమారు 2,700 మంది వెళ్లారు. కత్తి పట్టిన చేతులు అడవి కొట్టి, పడమటి దేశాల నాగళ్లతో పొలం దున్నాయి. 1900లో అక్కడి ఊళ్లను కలిపి దాతే అని పేరు పెట్టారు. 1972లో అది నగరమైంది.

ఇలా వలసతో పాటు పేరు వెళ్లిన ఊళ్లు హొక్కైదోలో ఇంకా ఉన్నాయి. హిరోషిమా వాళ్లు వెళ్లి స్థిరపడింది కితాహిరోషిమా, అంటే ఉత్తర హిరోషిమా. 1889 వరదల్లో సర్వం పోగొట్టుకున్న నారా కొండల తొత్సుకవా జనం కట్టుకున్నది షింతొత్సుకవా, అంటే కొత్త తొత్సుకవా.

అన్ని జంట పేర్లకూ వలసే కారణం కాదు. ఫుచూ అంటే పాతకాలపు రాష్ట్ర రాజధాని ఉన్న చోటు. అలాంటి చోట్లు చాలా ఉండేవి మరి! హిరోషిమాలోని ఫుచూ 1954 మార్చి 31న నగరమైతే, టోక్యోలోది మర్నాడే అయింది. ఇద్దరూ పేరు వదులుకోలేదు. ఇలాంటి తికమక వద్దని, కొత్త నగరాలు పాతవాటి పేరు పెట్టుకోకూడదని 1970లో ప్రభుత్వం సూచించింది. టోక్యో పక్కన కురుమె ఊరు ఆ ఏడాదే నగరమైంది. ఫుకుఒకాలో అప్పటికే ఒక కురుమె ఉండడంతో, ముందు 'తూర్పు' చేర్చుకుని హిగాషికురుమె అయింది.

మరి 2006లో ఫుకుషిమాలో అయిదు పట్టణాలు కలిసి నగరమైనప్పుడు దాతే పేరు ఎలా కుదిరింది? హొక్కైదో దాతే అడ్డు చెప్పలేదు. పుట్టింటి పేరును పుట్టింటికి వద్దనడం బాగుండదు కదా.

నాకు ఇంతకన్నా పట్టి లాగేది హొక్కైదో దాతే రైల్వే స్టేషన్ బోర్డు. దాని మీద ఉన్నది దాతే-మొంబెత్సు. వలసవాళ్లు రాకముందు ఆ చోటు పేరు మొంబెత్సు. 'నెమ్మదైన నది' అనే అర్థమున్న, హొక్కైదో ఆదివాసులైన ఐనుల మాట నుంచి వచ్చింది. అదే పేరుతో హొక్కైదోలోనే ఒహోత్స్క్ సముద్ర తీరాన ఇంకో నగరం ఉంది.